గోధుమ నమలని నెల

అనుమానం నాకు పిండి మిల్లులో పనిచేయడం వల్ల వచ్చిందా, పుట్టుకతోనే ఉందా అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది. బజారులో కొబ్బరికాయ కొంటే చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాను. అది మా నాన్న దగ్గర నేర్చుకున్నది. ఆయన బాగన్ దాతుక్‌లో కొబ్బరి ఎస్టేటు మనిషి. మందుల షాపువాడు మందు ఇస్తే ముందు వాడి మొహం చూస్తాను. అది మిల్లులో నేర్చుకున్నది. క్లాంగ్ రేవు పక్కన ఒక పిండి మిల్లులో, గోధుమను పిండి చేసే రోలర్ల అంతస్తులో కూలీగా చేరి, ఆ అంతస్తుకి పెద్దగా మొన్న మొన్ననే రిటైరయ్యాను. కొత్తగా చేరిన పిల్లలు కొందరు "అంకుల్, మీ రోజుల్లో ఏదైనా జరిగింది చెప్పండి" అని ఫోన్‌లో అడుగుతున్నారు కాబట్టి ఈ ఒక్క సంగతీ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఇందులో ఉన్నవాళ్ళందరూ బతికే ఉన్నారు, అందరి దగ్గరా ఫోన్లున్నాయి.

మన మలేషియాలో గోధుమ పండదని మీకు తెలుసు. మా మిల్లుకి గట్టి రకం గోధుమ కెనడా నుంచి ఓడల్లో వచ్చేది. అక్కడ ప్రెయిరీ అంటారు, చెట్టూ గుట్టా అడ్డం రాని చదును నేల, కన్ను ఆనినంత మేరా పొలమే. ఏడాదిలో సగం ఆ పొలం మంచు కింద పడుకుని ఉంటుంది. మంచు కరిగాక మే నెలలో విత్తుతారు, సెప్టెంబరులో కోసేయాలి, కాస్త అటూ ఇటూ అయితే మళ్ళీ మంచు పడుతుంది. ఎస్టేటులో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు ఈ సంగతి మొదటి నుంచీ నమ్మకంగా ఉండేది కాదు. మా కొబ్బరి చెట్టుకి సెలవులు లేవు, పామాయిల్ చెట్టుకీ లేవు. ఏడాది పొడుగునా గెలలు దింపుకుంటూనే ఉంటాం. అంత తొందర తొందరగా, నేల మళ్ళీ నిద్రపోయే లోపల పండించిన గింజను ఒకటికి రెండుసార్లు చూడాలని నా లెక్క.

చూడడానికి మా మిల్లులో రెండు దారులుండేవి. ఒకటి ల్యాబు. ఓడ మొత్తం మీద తీసిన గోధుమను కలిపి అక్కడి యంత్రాలు పరీక్ష చేస్తాయి. రెండోది నోరు. ఓడ నుంచి గోధుమ బెల్టు మీద మిల్లులోకి వచ్చే చోటుని ఇన్‌టేక్ అంటాం. అక్కడి సూపర్‌వైజరు గంటకోసారి బెల్టు మీది గింజలు గుప్పెడు తీసి నోట్లో వేసుకుని నమలాలి. మింగకూడదు. నమలగా నమలగా పిండి కరిగిపోయి నాలుక మీద చూయింగ్ గమ్ లాంటి ఉండ మిగులుతుంది. గోధుమలో ఉండే జిగురు అది. ఆ జిగురు ఉంటేనే పిండి సాగుతుంది, రొట్టె పొంగుతుంది. ఉండ కట్టకుండా నోట్లో పొడిపొడిగా పోయిందంటే బెల్టు ఆపేయాలి. ఇది ఏ పుస్తకంలోనూ చూసి పెట్టుకున్న పద్ధతి కాదు. మిల్లు కట్టినప్పటి నుంచీ అలా నడిచింది.

మా ఇన్‌టేక్ సూపర్‌వైజరు చైనా సంతతి మనిషి, చీనాయన అనేవాళ్ళం, నాకంటే పెద్దవాడు. ఆయన బుగ్గలో ఎప్పుడూ గోధుమ ఉండేది. ఇంటి నుంచి ఫోన్ వచ్చినా ఒక బుగ్గతో మాట్లాడుతూ ఇంకో బుగ్గతో నమిలేవాడు. బెల్టు నడిపేది ఒక మలయ్ ఆయన. మేమందరం ఆయన్ని అబాంగ్ అనేవాళ్ళం, అన్న అని. మలయ్‌వాళ్ళు మనవాళ్ళని పిలిచినట్టు ఆయన నన్ను "అన్నే" అనేవాడు. ఇద్దరమూ ఒకరికొకరం అన్నలమే, తమ్ముడెవరో ఎన్నడూ తేలలేదు. ఆ ఇద్దరి చేతుల మీదుగా వచ్చిన గోధుమను నేను మళ్ళీ నమిలి చూసేవాణ్ణి కాదు. నా అంతస్తుకి వచ్చేసరికి అది నీళ్ళు తాగి నాని ఉంటుంది. పైగా, వాళ్ళని నమ్మేవాణ్ణి. నేను నమ్మిన చోట్లు తక్కువ, అందులో ఇన్‌టేక్ ఒకటి.

ఆ ఏడాది నోంబు పండగ, అదే రంజాన్, అయిన కొన్నాళ్ళకి లిటిల్ ఇండియా పక్కనుండే రోటీ చనాయ్ షాపాయన నుంచి పిలుపు వచ్చింది. తమిళ ముస్లిం ఆయన, మా పాత కస్టమరు. రోటీ చనాయ్‌కి పిండి ముద్దని బల్ల మీద విసిరి విసిరి, అవతలి వైపు మనిషి కనిపించేంత పల్చగా సాగదీయాలి. నేను వెళ్ళగానే ఆయన పలకరింపు కూడా లేకుండా ముద్ద అందుకున్నాడు.

"ఇంగ పారు తంబీ," ఇక్కడ చూడు అంటూ విసిరాడు. రెండో విసురుకే మధ్యలో చిరిగి ఆయన వేళ్ళు బయటికొచ్చాయి. ఇంకో ముద్ద తీశాడు, అదీ చిరిగింది. పొద్దున టిఫినుకి వచ్చినవాళ్ళు చూస్తున్నారు. ఆయన మొహంలో కోపం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది.

నేనేం చేశానంటారా? ఆయనే ఏదో చవక పిండి కలిపాడని అనుమానించాను. వెనక గదిలోకి వెళ్ళి బస్తాలు చూశాను. మా బస్తాలే. కుట్టు చూశాను, మా కుట్టే, విప్పి మళ్ళీ కుట్టిన జాడ లేదు. సగం వాడిన బస్తా ఒకటి మూతి కట్టించి, ముట్టుకోవద్దని చెప్పి వచ్చాను. మర్నాడు ఒక బేకరీవాళ్ళు రొట్టెలు పొంగడం లేదని ఫోన్ చేశారు. అప్పుడు నా అనుమానం గేటు దాటి మా మిల్లు లోపలికే వచ్చి కూర్చుంది.

ఆ పిండి ఏ గోధుమదో తేలింది. ఉపవాస నెలలో వచ్చిన ఓడది. కానీ ఆ గోధుమ పోసిన గోదాము అప్పటికే ఖాళీ అయిపోయింది, అంతా ఆడేశాం. నమిలి చూద్దామన్నా గింజ లేదు. మేనేజరు మమ్మల్ని పిలిచి ఒకటే మాట అన్నాడు.

"ల్యాబు బాగుందని సంతకం పెట్టింది. పిండి బాగోలేదు. అంటే ల్యాబు తప్పు."

ల్యాబులో ఉన్నది ఒక అమ్మాయి. వాళ్ళ తాతగారిది మా బాగన్ దాతుక్ వైపే, తెలుగువాళ్ళు; తల్లి వైపు తమిళులు. ఇంట్లో తమిళమే. నాన్నమ్మ పుణ్యాన తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే రెండూ కలిసిపోతాయి, చివర ఇక్కడి అందరిలాగే ఒక "లాహ్" తగులుతుంది. నన్ను మావా అని పిలిచేది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఆ నెలాఖరుకి తేలాలి. తీసేస్తే ఊరికే తీసేయరు, తప్పు రిపోర్టు ఇచ్చిందనే మాటతో తీసేస్తారు. ఆ మాట వెంట వస్తే ఇంకే మిల్లూ, ఏ ఫ్యాక్టరీ ల్యాబూ ఆ పిల్లని లోపలికి రానివ్వదు. ఇది మాకందరికీ తెలుసు, ఆమెకి ఇంకా బాగా తెలుసు.

నేను ల్యాబుకి వెళ్ళి తలుపు వేశాను.

"ఏటమ్మా, నాకు నిజం సెప్పు. టెస్టు సేసినావా, కిందటి ఓడ నెంబరే కొట్టేసినావా?"

"సేసినాను మావా. రెండో తడవ కూడా సేసినాను. అంతా ఓకే లాహ్."

"మరి పిండి ఏల సాగట్లేదు?"

ఆమె కిటికీ వైపు చూసింది. ఆ కిటికీ నుంచి ఇన్‌టేక్ కనిపిస్తుంది. చూసి, మళ్ళీ నా వైపు తిరిగి, "తెరియల మావా" అంది. తెలీదు అని తమిళంలో. అంతదాకా తెలుగులో చెప్పిన పిల్ల ఈ ఒక్క ముక్కకీ తమిళంలోకి ఎందుకు వెళ్ళింది? ఇంటికి వెళ్ళేదాకా అదే ఆలోచించాను. ఏదో దాస్తోందని తేల్చుకున్నాను.

ఆ తర్వాత ఇన్‌టేక్‌కి వెళితే అక్కడ ఇంకా బాగుంది. చీనాయనా, ల్యాబు అమ్మాయీ ఏదో గుసగుసలాడుతున్నారు. నన్ను చూడగానే ఆపేశారు. ఆమె వెళ్ళిపోయింది. ఆయన బుగ్గలో ఉన్న గోధుమని గబుక్కున రుమాల్లోకి ఊసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన నమలడం దాచడం నేనెప్పుడూ చూడలేదు. పైగా "కోపీ తాగుతావా?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో నాకు ఒక్క కాఫీ ఇప్పించిన మనిషి కాదు. ఆ కాఫీ తాగుతూ లెక్క వేసుకున్నాను. ఈయనా, ఆ పిల్లా కలిసి ఏదో చేశారు, లేదా ఏదో చూసి వదిలేశారు. అబాంగ్‌కి తెలుసా? అబాంగ్ మాత్రం మామూలుగానే నవ్వుతున్నాడు. అదీ నాకు అనుమానంగానే ఉంది.

ఒక దారి మిగిలి ఉంది. ఓడలో గోధుమ పోసే అరలుంటాయి. ఒక్కో అర నుంచి కొంత తీసి, సంచుల్లో కట్టి, సీలు వేసి దాచి ఉంచుతాం. తగవు వస్తే ఆ సంచులే సాక్ష్యం. కానీ అమ్మినవాళ్ళూ కొన్నవాళ్ళూ ఇద్దరూ ఉంటేనే సీలు తెంపాలి. ఒక పక్షం తెంపితే రెండో పక్షం ఒప్పుకోదు. కాబట్టి అమ్మినవాళ్ళ తరఫున ఒకాయన వస్తున్నాడన్నారు. ప్రెయిరీలో రైతులే కొందరు కలిసి గోధుమ అమ్ముకుంటారట, వాళ్ళలో ఒకడు.

"నువ్వే విమానాశ్రయానికి వెళ్ళు. ఒంటరిగా వదలకు," అన్నాడు మేనేజరు. అంతదూరం చెప్పాల్సిన పని లేదు నాకు.

ఆయన నాకంటే కాస్త చిన్నవాడు. ఎర్రగా కాలిన మెడ, వెడల్పు చేతులు, టోపీ. బయటికి రాగానే మన ఉక్కకి ఊపిరి ఆడనట్టు నిలబడిపోయాడు. కారెక్కాక ఫోన్ తీసి ఏదో చూశాడు. ఎవరికి మెసేజు పెడుతున్నాడో అని ఓరగా చూశాను. వాతావరణం. వాళ్ళ ఊరి మంచు ఎంత కరిగిందో చూస్తున్నాడు.

"నేల ఆరేలోపు నేను వెనక్కి వెళ్ళాలి, విత్తనాల టైము," అన్నాడు. దారి పొడుగునా రెండు పక్కలా పామాయిల్ తోటలు. "వీటిని ఎప్పుడు కోస్తారు?"

"ఎప్పుడూ."

"ఎప్పుడూ అంటే?"

"రెండేసి వారాలకి ఒకసారి. ఏడాదంతా."

ఆయన కిటికీ అద్దం దించి ఆ చెట్ల వరసలు చూశాడు. "అయితే మీకు తొందర ఉండదు," అన్నాడు. తర్వాత మామూలుగా అడిగినట్టు, "మీ గోదాముల్లో ఎంత వేడిగా ఉంటుంది?" అన్నాడు. నాకు వెంటనే వెలిగింది. మా వేడి దేశంలో, మా గోదాముల్లో గోధుమ పాడైందని చెప్పడానికి ముందుగానే దారి వేసుకుంటున్నాడు. "గాలి బాగా ఆడుతుంది," అని ఊరుకున్నాను. మిగతా దారి ఇద్దరమూ ఒకరినొకరు నమ్మని మనుషుల్లా మర్యాదగా ప్రయాణం చేశాం.

ముందు రోటీ షాపుకి తీసుకెళ్ళమన్నాడు. నేను దాచమన్న బస్తాలో పిండితో షాపాయన ముద్ద విసిరాడు, చిరిగింది. ఆ రైతు చిరిగిన అంచుల్ని వేళ్ళతో పట్టుకుని దగ్గరికి లాగి చూశాడు. అవి అతుక్కోలేదు. ఆ చిరిగిన దాన్నే కాల్చి ఇమ్మని, పప్పులో ముంచుకుని మొత్తం తిన్నాడు. ఆకలేసి తిన్నాడా, సాక్ష్యం మాయం చేశాడా అని నేను అనుకున్నానంటే మీరు నవ్వకండి. అనుకున్నాను.

మర్నాడు ఇన్‌టేక్‌లోనే సంచులు తెరిచారు. మేనేజరు, ల్యాబు అమ్మాయి, చీనాయన, బెల్టు దగ్గర అబాంగ్, నేను, ఆ రైతు. ఒక్కో సంచీ సీలు చూపించడం, తెంపడం, గోధుమ ట్రేలో పోయడం. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయి, ఎర్రగా, నిండుగా. చివరి అర సంచీ తెరిచారు. అదీ అంతే అందంగా ఉంది. రైతు ఒక గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. చీనాయన ఒక గుప్పెడు తీసుకున్నాడు. నేనూ తీసుకున్నాను, అమ్మాయీ తీసుకుంది.

ఆ రైతు నములుతున్నాడు. నేను అతని గొంతు మీదే కళ్ళు పెట్టాను. మింగేస్తే అడగడానికి ఏమీ ఉండదు. మింగేస్తాడనే నా నమ్మకం. అతను నములుతూనే మా వైపు చూశాడు.

"మీరెవరూ నమలడం లేదేం?"

నిజమే. చీనాయన గుప్పెడు గుప్పెట్లోనే ఉంది, అమ్మాయిదీ అంతే, నాదీ అంతే. నేనెందుకు ఆగానో నాకు తెలుసు. అబాంగ్ ఆ రోజు ఉపవాసం ఉన్నాడు. పండగ అయ్యాక కూడా ఆరు రోజులు పట్టేవాళ్ళుంటారు, ఆయన ప్రతి ఏడూ పడతాడు. ఉపవాసమున్న మనిషి ఎదురుగా నోరాడించడం మాలో ఎవరికీ అలవాటు లేదు. ఎవరూ చెప్పకుండానే మా ముగ్గురి కళ్ళూ ఆయన వైపు వెళ్ళాయి.

"మీ మిల్లులో గోధుమ నమలరా?" అన్నాడు రైతు.

"ఎందుకు నమలరు? గంట గంటకీ నములుతారు," అన్నాడు మేనేజరు. ఆ మాటకి చీనాయన తల దించుకున్నాడు. అమ్మాయి కూడా.

అబాంగ్ మా మొహాలన్నీ ఒకటొకటిగా చూశాడు. "నా మొహం ఎందుకు చూస్తున్నారు?" అన్నాడు మలయ్‌లో. "ఉపవాసం నాది. మీది కాదు కదా. నమలండి లాహ్."

ఎవరూ కదల్లేదు. అప్పుడు ఆయనకి తట్టింది. ఆయన మొహంలో నవ్వు పోవడం నేను చూశాను.

"ఆ నెలంతా ఇంతేనా?"

చీనాయన నెమ్మదిగా చెప్పాడు. అంతకుముందు ఏళ్ళలో ఉపవాస నెల వస్తే ఆయన మెట్ల వెనక్కి వెళ్ళి, నమిలి, నోరు కడుక్కుని వచ్చేవాడట. ఆ ఏడు మోకాలికి ఆపరేషన్ అయింది, గంట గంటకీ మెట్లు దిగడం కుదరలేదు. "నువ్వు ఆ దుమ్ములో దాహంతో నిలబడి ఉంటే నీ ముందు నేను నోరాడించుకుంటూ నిలబడనా? ఒక్క నెలే కదా అనుకున్నాను. ల్యాబు ఉంది కదా అనుకున్నాను."

ల్యాబు ఓడ మొత్తం గోధుమని కలిపి చూసింది. పాడైంది ఒక్క చివరి అర. మంచి గోధుమ మధ్యలో అది దాక్కుంది. నోరైతే ఆ గంటకి దొరకబుచ్చుకునేది. ఆ నోరు సెలవు మీద ఉంది. ఆ గుసగుసలూ, రుమాల్లో దాచిన గోధుమా, ఆ కాఫీ, నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. అర్థమయ్యాక అమ్మాయి వైపు తిరిగాను.

"నీకు తెలుసుకదా? శాంపిలు తీసుకోడానికి రోజూ వచ్చినావు. ఎవరూ నమలట్నేదని సూసినావు. ఏల సెప్పనేదు?"

"ఎలా సెప్తాను మావా?" "సెప్తే ఏటంటారు? పువాసా వల్ల పిండి పోయింది అంటారు. ఆఫీసులో అంటారు, లారీవాళ్ళు అంటారు, ఫేస్‌బుక్‌లో వేస్తారు. అబాంగ్ ఏటి సేసినాడు పాపం? వేండాం అనుకున్నాను లాహ్."

వేండాం అంటే తమిళంలో వద్దు. పువాసా అంటే మలయ్‌లో ఉపవాసం. ఆ ఒక్క మాటా, తన పేరూ విని అబాంగ్‌కి మిగతా తెలుగంతా అర్థమైపోయింది. ఆయన వచ్చి ట్రేలోంచి గోధుమ తీసి, అప్పటికే నిండి ఉన్న మా గుప్పెళ్ళలో ఇంకాస్త పోశాడు. "కున్యా," అన్నాడు. నమలండి అని. అంత కఠినంగా ఆయన మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

నమిలాం. నా నోట్లో గోధుమ ఇసకలా విడిపోయింది. ఎంత నమిలినా ఉండ కట్టలేదు. చీనాయన కళ్ళు మూసుకుని నములుతున్నాడు. అప్పుడు ఆ రైతు చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని, తను ఇంతసేపూ నమిలింది అరచేతిలోకి తీసి మా అందరి ముందూ పెట్టాడు. తడి పొట్టు, పొడి. ఒక్క తీగ జిగురు లేదు. అతను మింగలేదు.

"కాలిపోయింది," అన్నాడు. "మీ దగ్గర కాదు. మా దగ్గర."

కిందటి సెప్టెంబరు గురించి చెప్పాడు. కోతల వేళకి వాన పట్టుకుంది. వాన ఆగిందనుకుంటే నిలబడ్డ పంట మీద మంచు పడింది. మంచు కరిగి నాలుగు రోజులు ఎండ వచ్చింది, ఇంకో మంచు వస్తోందని రేడియో చెబుతోంది. ఇక ఆగితే పంట వసంతం దాకా మంచు కిందే. అందరూ తడి గోధుమే కోశారు. తడి గింజ నిలవ ఉండదు కాబట్టి వేడి గాలి యంత్రాల్లో ఆరబెట్టాలి. ఆ వేడి ఒక హద్దు దాటకూడదు. దాటితే గింజ చూడ్డానికి అలాగే ఉంటుంది, లోపల జిగురు ఉడికిపోతుంది.

"హద్దు నాకు తెలుసు. మా నాన్న చెప్పేవాడు. కానీ బయట లారీలో ఇంకా తడి గోధుమ ఉంది, ఆకాశం నల్లబడుతోంది. నేను వేడి పెంచాను. మా పక్కవాడూ పెంచాడు. ఇవి నా గింజలే అని చెప్పలేను. నావి కావనీ చెప్పలేను."

నేను ఆయన్ని చూస్తుంటే మా ఎస్టేటులో కొబ్బరి ఆరబెట్టే బట్టీ, సూళ అనేవాళ్ళం, అది గుర్తొచ్చింది. వానలు వదలనప్పుడు కురిడీ ఆరబెట్టడానికి చిప్పల మంట ఎగదోసేవాళ్ళు. పైన ఆరేది, లోపల మాడేది. మంట తగ్గించమని మా నాన్న, పెంచమని మండోరు, అంటే మేస్త్రీ, రోజూ తగువే. తొందర మాకు లేదని ఈయన కారులో అన్నాడు గానీ, మాకూ ఉండేది. నాకు ఆ మనిషి మీద జాలీ, గౌరవమూ రెండూ కలిగాయి. ఏ పరీక్షా చేయకుండా నేను నమ్మిన మాట నా ఉద్యోగంలో అదొక్కటే అనుకుంటాను.

మేనేజరు మాత్రం తన దారిలో ఉన్నాడు. "అదలా ఉండనీండి. మన దగ్గర కూడా ఉపవాసం మూలంగా..." అని మొదలుపెట్టాడు. ఏ మాట రాకూడదని ఆ పిల్ల ఇన్నాళ్ళూ నోరు మూసుకుందో ఆ మాట వచ్చేసింది.

"రిపోర్టు నాది సార్," అంది అమ్మాయి అడ్డం వచ్చి. "సంతకం నాది. అబాంగ్‌ది కాదు."

"ఊరుకో," అన్నాడు అబాంగ్. మేనేజరు ఎదురుగా నిలబడి, రైతుకీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో అన్నాడు. "నమలొద్దని నేనడగలేదు. నీకు కష్టంగా ఉందా అని వీళ్ళూ నన్నడగలేదు. అడిగుంటే గంట గంటకీ నేనే గిన్నెలో పోసి ఇచ్చేవాణ్ణి. రాసుకోవాలంటే అది రాసుకోండి. ఈ పిల్ల చేసిన టెస్టులో తప్పేముంది?"

"ఏమీ లేదు," అన్నాడు రైతు. "గోధుమ ఓడ ఎక్కకముందే చచ్చిపోయింది. అది నేను రాసిస్తాను."

రాసిచ్చాడు కూడా. అమ్మినవాళ్ళే ఒప్పుకున్నాక మా వైపు ఎవరినో ఒకర్ని పట్టుకోవాల్సిన అవసరం మేనేజరుకి లేకపోయింది. నెలాఖరుకి అమ్మాయి ఉద్యోగం ఖాయమైంది. చివరి కాగితం చేతికి వచ్చేదాకా నేను మేనేజరుని అనుమానిస్తూనే ఉన్నాను, అది వేరే సంగతి.

రైతుని తిరిగి విమానాశ్రయంలో దింపినప్పుడు ఉండబట్టలేక అడిగాను, తప్పు ఒప్పుకోవడానికి ఇంత దూరం ఎందుకు వచ్చినట్టని.

"మీరు ఫోన్లో చెబితే నేను నమ్మలేదు," అన్నాడు. "మీరేదో దాస్తున్నారనుకున్నాను. నా నోటితో చూస్తే గాని నమ్మే అలవాటు లేదు నాకు."

"రోటీ షాపులో అంతా ఎందుకు తిన్నారు?"

"ఆయన మొహం చూశాక వదిలేయబుద్ధి కాలేదు," అన్నాడు. మళ్ళీ ఫోన్ తీసి వాతావరణం చూసుకున్నాడు. నేల ఆరుతోందట. వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయాడు.

అబాంగ్ మాత్రం మాతో చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు. క్యాంటీనులో వేరే బల్ల దగ్గర కూర్చునేవాడు. ఒకరోజు నేనే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. మంచికే చేశారు కదా, కోపం ఎందుకు అన్నాను.

"మంచికే చేశారు అన్నే, తెలుసు," అన్నాడు. "అందుకే ఎవర్నీ తిట్టలేకపోతున్నాను. నా కోసం మీరు పని మానుకుని, ఆ పిల్ల ఉద్యోగం పోయేదాకా తెచ్చుకుంటే దేవుడు నా ఉపవాసం పుచ్చుకుంటాడా? నా ఎదురుగా మీరు నమిలితే నాకు ఆకలి వేస్తుందనుకున్నారు. నన్ను అంత చిన్నవాణ్ణి చేశారు."

నేను నా పళ్ళెం పక్కకి జరిపాను. ఆయనే ఆ పళ్ళేన్ని నా ముందుకి తోశాడు.

మరుసటి ఏడు ఉపవాస నెల మొదటి రోజునే ఓడ వచ్చింది. అది నా ఆఖరి ఏడాది. ఏదో పని ఉన్నట్టు ఇన్‌టేక్‌కి వెళ్ళాను, నిజానికి చూద్దామనే వెళ్ళాను. చీనాయన ఉన్నాడు, శాంపిలు డబ్బాతో అమ్మాయి ఉంది. బెల్టు ఇంకా మొదలవలేదు. అబాంగ్ పెదవులు అప్పటికే ఎండిపోయి ఉన్నాయి. ఆయన ఓడ నుంచి వచ్చిన మొదటి గోధుమని గిన్నెలో తెచ్చి మా ముగ్గురి చేతుల్లోనూ గుప్పెడేసి పోశాడు.

"కున్యా," అన్నాడు.

నమలడం మొదలుపెట్టాం. పక్కకి తిరగనివ్వలేదు, మెట్ల వైపు వెళ్ళనివ్వలేదు. చేతులు కట్టుకుని, మింగేస్తామేమో అన్నట్టు మా గొంతుల వైపే చూస్తూ నిలబడ్డాడు. మిల్లులో అనుమానం నా ఒక్కడికే ఉందనుకునేవాణ్ణి. నమిలి నమిలి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి నాలుక మీది జిగురు ఉండని చూపించాను. వంగి చూశాడు. తర్వాత చీనాయనది చూశాడు, అమ్మాయిది చూశాడు.

అప్పటిగ్గాని బెల్టు స్విచ్చి వేయలేదు.